క్షమించుట – విడుచుట: మన ప్రార్థనలోని ఒక క్రియాపదము చరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసినదని సంపాదక వర్గంవారు అడిగినప్పుడు, దేవాలయాల శంకుస్థాపనలను గురించి, తొలినాటి దొరలను గురించి, ఉపదేశకుల సేవను గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను ఒక మాట చరిత్ర వ్రాస్తానని మనవి చేశాను. ఆ మాట మనకు కొత్తది కాదు. పరలోక ప్రార్థనలో మన కొరకు ఒకసారి, ఇతరుల కొరకు ఒకసారి, రెండుసార్లు పలుకుతాము. అది "క్షమించు" అనే క్రియ.

ఈ మాటను వెదకడానికి నన్ను పురికొల్పింది పుస్తకాలు కాదు, ఒక విధవరాలు. ఆమె పేరు వ్రాయను. 2021లో ఆమె భర్త మూడెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేశాడు. ఆ సంవత్సరం మన గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలను నల్ల తామర పురుగు పట్టి పూతనే తినివేసిన సంగతి మీ అందరికీ తెలుసు. పంట పోయింది. కౌలుకు, విత్తనానికి, మందులకు తెచ్చిన అప్పు నిలిచింది. మరుసటి సంవత్సరం అతడు చనిపోయాడు. ఏ విధంగా చనిపోయాడో ఈ ప్రాంతంవారికి విప్పి చెప్పనక్కరలేదు. అప్పిచ్చినవారిలో ఒకాయన సంఘ పెద్ద. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నోటు మీద భర్త సంతకం ప్రక్కన ఆమె వేలిముద్ర కూడా ఉంది.

ప్రామిసరీ నోటుకు చట్టం ఇచ్చిన ఆయుష్షు మూడేండ్లు. ఆ లోపల బాకీదారు కొంత డబ్బు కట్టి నోటు వెనుక చెల్లు వేస్తే అది మరి మూడేండ్లు బ్రతుకుతుంది. లేకపోతే కాలదోషం పడుతుంది. 2024 వేసవిలో గడువు దగ్గర పడుతుండగా పెద్దాయన ఆమె ఇంటికి వెళ్లి, ఐదు వందలైనా ఇచ్చి చెల్లు వేయమన్నాడు. ఆమె వేయనన్నది. మాటా మాటా పెరిగింది. నలుగురిలో ఆయన అనరాని మాట అన్నాడు. ఆ తరువాత ఆమె ప్రభు బల్లకు రావడం మానింది.

నేను వెళ్లి, "అమ్మా, ఆయనను క్షమించి ఆరాధనకు రండి" అన్నాను. ఆమె కోపపడలేదు. "క్షమించటమంటే ఓర్చుకోవటమే గదా అయ్యగారూ! ఓర్చుకోవటం మాకు కొత్తా? ఆయన గూడా ఆ ప్రార్థనే చేస్తాడు గదా, మరి ఆయన ఏం ఓర్చుకుంటాడు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి వేదాంత కళాశాలలో చదువుకొన్న పుస్తకాలను దుమ్ము దులిపి తీశాను. అందులో దొరికినదే ఈ వ్యాసం.

మన తెలుగు మాటలు

ముందుగా మన ఇంటి మాటలను చూద్దాము. "క్షమ" సంస్కృత పదం. దాని ధాతువుకు మొదటి అర్థం ఓర్చుకొనుట, సహించుట. అందువలననే భూమికి కూడా క్షమ అనే పేరు వచ్చింది. త్రవ్వినా, దున్నినా, త్రొక్కినా భూమి ఓర్చుకుంటుంది. కాబట్టి ఆ విధవరాలు చదువుకోకపోయినా మాట అర్థాన్ని సరిగానే చెప్పింది.

"మన్నించు" అనే మాట మన్నన అనే మాటకు బంధువు. మన్నన అంటే గౌరవం, ఆదరణ. మాట మన్నించాడు అంటే మాటకు విలువ ఇచ్చాడని అర్థం. తప్పు చేసినవానిని మన్నించడమంటే వానిని తిరిగి మనిషిగా ఎంచడం. మన కతోలిక సోదరులు ఈ ప్రార్థనలో ఈ క్రియనే వాడతారు. మూడవది "మాఫీ". ఇది అరబీ నుండి ఉర్దూ ద్వారా కచేరీలకు, అక్కడనుండి మన పొలాలకు వచ్చింది. దాని మూలంలో తుడిచివేయుట అనే అర్థం ఉంది. ఈనాడు రైతు నోట అన్నిటికంటె ఎక్కువగా వినిపించేది ఇదే.

నాలుగవది అచ్చ తెలుగు మాట, "విడుచు". దీని సంతానం చాలా పెద్దది. విడుదల, విడుపు, విడాకులు అన్నీ దీని బిడ్డలే. జ్వరం విడిచింది అంటాము. ప్రాణం విడిచాడు అంటాము. కాలువకు నీళ్లు విడిచారు అంటాము. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు మొదటిసారి నీరు విడిచిన దినం మన మెట్ట ప్రాంతానికి ఎటువంటి దినమో పెద్దలు చెప్పగా విన్నాము. పూర్వం ఒంగోలు సీమలో చనిపోయినవారి జ్ఞాపకార్థం కోడెకు అచ్చువేసి దేవుని పేర ఊరిమీద విడిచేవారు. దానిని తిరిగి కాడికి కట్టే అధికారం ఎవరికీ ఉండదు. విడిచిపెట్టడమంటే అదే. చేతిలోని పలుపు వదలివేయడం.

సువార్తలోని మాట

సువార్తలు వ్రాయబడిన గ్రీకు భాషలో మన ప్రార్థనలోని క్రియ "అఫియేమి". "అపో" అంటే దూరంగా, "హియేమి" అంటే పంపుట. దూరంగా పంపివేయుట, పోనిచ్చుట, విడుచుట అని దాని సహజమైన అర్థం. క్రొత్త నిబంధనలో ఇది 140 సార్లకు పైగా కనిపిస్తుంది. అందులో పాపాలకు సంబంధించినవి కొన్ని మాత్రమే. మిగిలినవి చూస్తే తెలుగువానికి ఆశ్చర్యం కలుగుతుంది. పేతురు, అంద్రెయలు వలలను విడిచి ప్రభువును వెంబడించినచోట ఇదే క్రియ. పేతురు అత్తను జ్వరం విడిచినచోట ఇదే క్రియ. సిలువమీద ప్రభువు ప్రాణం విడిచినచోట మత్తయి వాడినది ఇదే క్రియ. కొరింథీయులకు వ్రాస్తూ భర్త భార్యను విడువకూడదని పౌలు చెప్పినచోట ఇదే క్రియ. సమాధిలోనుండి వచ్చిన లాజరు కట్లు విప్పి పోనివ్వమన్నచోట కూడా ఇదే.

చూశారా! వల, జ్వరం, ప్రాణం, భార్య, వీటన్నిటికీ మనం తెలుగులో వాడేది విడుచు అనే ఒక్క క్రియనే. గ్రీకులో కూడా ఒక్కటే. ఇన్ని చోట్ల గ్రీకు మాటకు సరిగ్గా జోడు కుదిరిన తెలుగు మాటను, పాపం, ఋణం అన్నచోటికి వచ్చేసరికి అనువాదకులు ప్రక్కనపెట్టి క్షమించు అనే సంస్కృతపు మాట ఎంచుకొన్నారు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ దొరగారు ఆనందరాయరు అనే పండితుని సహాయంతో తెనిగించిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. 1818లో ప్రిచెట్ దొరగారి క్రొత్త నిబంధన మద్రాసులో వెలువడింది. ఆనాడు దేవుని సంగతులకు గంభీరమైన మాట కావాలంటే పండితుల చూపు సంస్కృతం వైపు పోవడం సహజం. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారి ఎన్నికలో ఒక మేలు కూడా ఉన్నదని ముందు చూస్తాము. కాని ఒక నష్టం మాత్రం కలిగింది.

ఆ నష్టం ఇది. ఈ క్రియనుండి పుట్టిన నామవాచకం "అఫెసిస్". నజరేతు సమాజమందిరంలో ప్రభువు యెషయా గ్రంథం చదివి చెరలోనివారికి ప్రకటించినది ఈ అఫెసిస్. పెంతెకొస్తు దినాన పేతురు ప్రకటించినది కూడా ఈ అఫెసిస్. మొదటిచోట మనం "విడుదల" అని చదువుతాము, రెండవచోట "క్షమాపణ" అని చదువుతాము. రెండూ ఒకే మాట అని తెలుగు పాఠకునికి తెలిసే దారి లేదు. పైగా ఈ కాలపు తెలుగులో క్షమాపణ అంటే తప్పు చేసినవాడు చెప్పుకొనే మాట. "క్షమాపణ చెప్పాడు" అంటాము. అందుచేత పాపక్షమాపణ అంటే పాపాలకు మనం చెప్పుకొనే క్షమాపణ అని మన యౌవనులు కొందరు అనుకొంటున్నారు. దేవుడు చేసే పని మనం పలికే మాటగా మారిపోయింది.

లెక్కల పుస్తకంలోని మాట

అఫియేమి మొదట దేవాలయంలో పుట్టిన మాట కాదు. అది లెక్కల పుస్తకంలో, రాజశాసనాల్లో తిరిగిన మాట. 1799లో ఐగుప్తులో దొరికిన రొసెట్టా శిల గురించి మీరు విని ఉంటారు. క్రీ.పూ. 196 నాటి ఆ శాసనంలో టోలెమీ రాజు కొన్ని పన్నులను పూర్తిగా విడిచిపెట్టినట్లు గ్రీకులో చెక్కబడి ఉంది. అక్కడి క్రియ ఇదే. అంటే ఆనాటి సామాన్యుడు ఈ మాట వింటే, ఈనాడు మనవాడు "మాఫీ" వింటే ఏమి తోస్తుందో దానికి అదే తోచేది.

పాత నిబంధనను గ్రీకులోనికి మార్చిన అలెగ్జాండ్రియా యూదులు ఈ మాటను ఎక్కడ వాడారో చూడండి. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో ఏడేండ్లకొకసారి అప్పులు వదలివేయవలెనన్న ఆజ్ఞ ఉంది. హెబ్రీలో దానిపేరు "షెమిత్తా", చేతిలోనిది జారవిడుచుట అని అర్థం. గ్రీకులో దానిని అఫెసిస్ అన్నారు. లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏబదియవ సంవత్సరం, అంటే సునాద సంవత్సరం, అమ్ముడుపోయినవాడు ఇంటికి, పొలం సొంతదారునికి తిరిగి పోవలెనని ఉంది. అక్కడి హెబ్రీ మాట "దెరోర్". దానిని కూడా అఫెసిస్ అన్నారు. ఈ దెరోర్‌కు బబులోను భాషలో "అందురారుమ్" అనే అక్క ఉంది. క్రీ.పూ. 17వ శతాబ్దంలో బబులోను రాజు అమ్మిసదూకా అప్పుల రద్దుకు చేయించిన శాసనం మట్టి పలకలమీద నేటికీ ఉంది. ఆ దేశంలో రాజులు సింహాసనమెక్కినప్పుడు ఇటువంటి విడుదలలు ప్రకటించేవారు. మోషే ధర్మశాస్త్రంలోని గొప్పతనం ఏమంటే, రాజు మనస్సు కరిగేదాకా ఆగకుండ ఆ విడుదలను కాలచక్రంలోనే కట్టివేసింది. ఏడవ ఏడు రానే వస్తుంది.

కాని మనుష్యుని మనస్సు అప్పుడూ ఇదే. ఏడవ సంవత్సరం దగ్గర పడుతున్నదని చెయ్యి ముడుచుకోవద్దని అదే అధ్యాయం హెచ్చరించింది. అయినా చెయ్యి ముడుచుకొన్నారు. ప్రభువు కాలానికి కొద్దిగా ముందున్న హిల్లేలు అనే రబ్బీ "ప్రోస్‌బుల్" అనే పత్రం ఏర్పాటు చేశాడు. అప్పును న్యాయస్థానానికి అప్పగించినట్లు వ్రాయిస్తే ఏడవ ఏట అది రద్దు కాదు. అప్పు పుట్టక పేదలు అల్లాడకుండ చేసిన ఏర్పాటు అది. హిల్లేలు ఉద్దేశం మంచిదే. కాని ఆ పత్రంతో విడుదల సంవత్సరం పేరుకు మిగిలింది. దానిని చదువుతుంటే మన నోటు వెనుక వేయించే చెల్లు నా కండ్లముందు మెదిలింది. గడువు వచ్చేలోగా గడువును దాటించే ఉపాయం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ప్రభువు నోట

ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో "హోబా" అంటే అప్పు, పాపం కూడా. అందువలన మత్తయి ప్రార్థనలో ఋణములు అని, లూకా ప్రార్థనలో పాపములు అని వ్రాయడం వింత కాదు. అయితే లూకా కూడా రెండవ సగంలో అప్పును విడువలేదు. మన తెలుగు బైబిలులో అక్కడ "అచ్చియున్న" అనే పాత మాట ఉంది. అచ్చియుండుట అంటే బాకీపడి ఉండుట. ఈనాడు చాలామంది దానిని అర్థం తెలియకుండానే చదివి దాటిపోతున్నారు. తెలిసి చదివితే, దేవుని ముందు పాపం, పొరుగువాని ముందు బాకీ ఒకే వాక్యంలో ఎదురెదురుగా కూర్చున్నట్లు కనబడుతుంది.

మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానం లెక్క ఎప్పుడైనా వేశారా? ఒక తలాంతు 6,000 దేనారములు. ఒక దేనారము కూలివాని ఒకరోజు కూలి. మొదటి దాసుని బాకీ 10,000 తలాంతులు, అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజుల చొప్పున పనిచేసినా తీరడానికి 2 లక్షల సంవత్సరాలు. తోటి దాసుని బాకీ 100 దేనారములు, నూరు రోజుల కూలి. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి ఇస్తానన్న పని దినాలు ఎన్నో, సరిగ్గా అన్ని రోజుల కూలి అది. నూరు రోజుల కూలి పేదవానికి చిన్నది కాదని ప్రభువునకు తెలుసు. ఆ నూటిని విడవడం కష్టమే. అందుకే ఉపమానం చెప్పవలసి వచ్చింది.

పౌలు కొలస్సయులకు వ్రాసిన పత్రికలో మనమీద వ్రాతరూపంగా ఉన్న పత్రాన్ని గురించి చెప్పాడు. గ్రీకులో దాని పేరు "ఖైరోగ్రాఫోన్", చేతివ్రాత అని అర్థం. బాకీదారు తన చేతితో వ్రాసి ఇచ్చే కాగితం. మన నోటే ననుకోండి. ఐగుప్తు ఇసుకలో ఆ కాలపు పత్రాలు చాలా దొరికాయి. తీరిపోయిన బాకీ పత్రాలమీద అడ్డంగా రెండు గీతలు గీసి ఉన్నాయి. క్రీ.శ. 85 నాటి ఒక విచారణ పత్రంలో ఐగుప్తు అధిపతి అటువంటి చేతివ్రాతను కొట్టివేయమని ఉత్తరువు చేశాడు. అపొస్తలుడు సిలువను గురించి మాట్లాడినప్పుడు అతని పాఠకులకు తోచినది ఇటువంటి కాగితమే.

మన నేలమీద ఈ మాట

ఇక మన నేలకు వద్దాము. మన పితరులు ఈ మాటను ఏ పరిస్థితిలో విన్నారు? 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల వరకు చనిపోయినారని లెక్కలు చెబుతాయి. ఆ గాయం మానకముందే, 1842 జూలై 31న, కలెక్టరు స్టోక్సు దొరగారి ఆహ్వానంమీద హేయరు అయ్యగారు గుంటూరు చేరారు. 1876-78లో ధాత కరువు వచ్చింది. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత పని కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. కరువు నడుస్తుండగా బాప్తిస్మం ఇయ్యలేదు. గండం గడచిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వారిలో ఎక్కువమంది మాదిగపల్లెలవారు. తరతరాలుగా ఊరికి వెట్టి చేసినవారు. క్లౌ దొరగారు వారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. మొదటి నియమమే ఊరి పెద్దలకు ఎక్కువ కోపం తెప్పించింది. ఏడు రోజులకొక రోజు తన శరీరం తనదని చెప్పినవానిని వారు అంతకుముందు చూడలేదు. ఏడవ దినపు విశ్రాంతికీ ఏడవ ఏటి విడుదలకూ వేరు ఒక్కటే. గ్రీకు తెలియని మన తాతలు అఫెసిస్ అంటే ఏమిటో ఆ ఆదివారాలలో తెలుసుకొన్నారు.

తరువాత చట్టాలు వచ్చాయి. 1938లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం చేసింది. అప్పుడు రెవెన్యూ మంత్రి మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులమీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచి ఉన్న వడ్డీ అంతా రద్దయింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించినవాని అప్పు పూర్తిగా తీరినట్లే. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, మనిషిని కట్టివేసిన బాకీలన్నిటినీ చెల్లవన్నది. 1987-88లో మన రెండు జిల్లాల ప్రత్తి రైతులు తెల్లదోమ దెబ్బకు అప్పులపాలై ప్రాణాలు తీసుకొన్నారు. 2008లో కేంద్ర ప్రభుత్వం చిన్న, సన్నకారు రైతుల బ్యాంకు అప్పులు మాఫీ చేసింది. కాని ఆ మాఫీ బ్యాంకు గడప దాటి రాలేదు. కౌలుదారుకు బ్యాంకులో పేరు లేదు. అతని అప్పు ఎరువుల కొట్టులో, మిరపకాయల కమీషను కొట్టులో, పొరుగువాని బీరువాలో ఉంది. ఏ ప్రభుత్వ శాసనమూ చేరని ఆ బీరువా దగ్గరకు చేరగలిగినది, ప్రతి ఆదివారం మనం చేసే ప్రార్థన ఒక్కటే.

మోయువాడు ఎవరు?

ఇప్పుడు ఆ విధవరాలి ప్రశ్నకు వస్తాను. క్షమించుట అంటే ఓర్చుకొనుట అయితే, ఓర్చుకోవలసినది ఎవరు?

అనువాదకుల ఎన్నికలో ఒక మేలు ఉన్నదని పైన అన్నాను. అది ఇది. హెబ్రీలో పాపాన్ని క్షమించుటకు వాడే క్రియలలో ఒకటి "నాసా". దాని అర్థం ఎత్తుట, మోయుట. 32వ కీర్తనలో పరిహారం పొందిన అతిక్రమం అన్నచోట ఆ క్రియ ఉంది. యెషయా 53లో శ్రమపడు సేవకుడు అనేకుల పాపం మోసినచోట కూడా అదే. ఆ కీర్తనను గ్రీకు చేసినవారు "మోయు" అన్నచోట "విడుచు" అని వ్రాశారు. రెండువేల ఏండ్ల తరువాత తెలుగు చేసినవారు "విడుచు" అన్నచోట "ఓర్చు" అని వ్రాశారు. ఇది పొరపాటు కాదని నాకు తోస్తున్నది. ఎందుకంటే బాకీ విడిచినప్పుడు ఆ బరువు గాలిలో కలిసిపోదు. బాకీదారు భుజంమీదనుండి దిగి, విడిచినవాని భుజం ఎక్కుతుంది. రాజు 10,000 తలాంతులు విడిస్తే ఖజానాలో అంత లోటు పడుతుంది. విడుచువాడే మోయువాడు.

అరామిక్‌లో విడుచుటకు, క్షమించుటకు మాట "షెబక్". సిరియా క్రైస్తవులు పరలోక ప్రార్థనలో నేటికీ ఈ క్రియనే పలుకుతారు. సిలువమీద ప్రభువు వేసిన కేకలోని "సబక్తానీ" అనే మాట కూడా ఈ క్రియనుండి వచ్చినదే. మన ఋణాలను విడువుమని నేర్పినవాడు, ఆ ఋణం మోస్తూ, తాను విడువబడినట్లు అదే క్రియతో మొరపెట్టాడు. ఇంతకంటె నేను వివరించలేను.

కాబట్టి బలవంతుడు బలహీనుని చూచి ఓర్చుకొమ్మనడం ఈ మాటకు అర్థం కాదు. నేను ఆ తల్లి దగ్గరకు వెళ్లి చేసిన పని అదే. ఆమెను అన్న అనరాని మాట ఉంది, దానిని విడవడమా మానడమా అన్నది ఆమె చేతిలోనిది. ఆ మాట అన్నవానిచేత ఒప్పించకుండ, నోటు సంగతి ఎత్తకుండ, నేను ఆమె నెత్తిన మరొక బరువు పెట్టబోయాను. మళ్లీ వెళ్లి ఆ సంగతి ఆమెతో ఒప్పుకొన్నాను. పెద్దాయన దగ్గరకూ వెళ్లి, ఇక్కడ వ్రాసినదంతా చెప్పాను. ఆయన విని ఊరుకొన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు.

నోటు గడువు తేదీ దాటిన మరుసటి ఆదివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. జేబులోనుండి నోటు తీసి బల్లమీద పెట్టి, "నిన్నటితో దీనికి కాలదోషం పట్టింది అయ్యగారూ. ఇంట్లో ఉంటే మళ్లీ దీనివంక చూడబుద్ధి అవుతుంది. మీరే ఆమెకు ఇయ్యండి" అన్నాడు. ఆ డబ్బులో సగం ఆయన వేరొకరి దగ్గర తెచ్చి ఇచ్చినదని అప్పుడు నాకు తెలిసింది. రెండు పాడి గేదెలను అమ్మి ఆ బాకీ తీర్చాడు. నేను నోటు తీసుకోలేదు. "మీరే ఇయ్యండి, ఆ రోజు అన్న మాటకు కూడా జవాబు చెప్పండి" అన్నాను. ఇద్దరమూ వెళ్లాము. గడప దగ్గర నిలబడి ఆయన, "అమ్మా, ఆ దినం నేను అన్నది తప్పు" అన్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "లోపలికి రండి" అన్నది. నోటును చింపలేదు. దానిమీద నాచేత అడ్డంగా రెండు గీతలు గీయించుకొని, పిల్లలకు చూపాలని పెట్టెలో దాచుకొన్నది. ఐగుప్తు పత్రాల సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

ప్రియ సంఘస్థులారా, నూరేండ్లంటే రెండు సునాద సంవత్సరాలు. మన పండుగకు మందిరానికి రంగులు వేశాము, శిలాఫలకం చెక్కించాము, ఈ సంచిక అచ్చు వేశాము. ఇవన్నీ మంచివే. కాని సునాద సంవత్సరంలో పొట్టేలు కొమ్ము ఊదినప్పుడు ఇశ్రాయేలీయులు వెదకినది శిలాఫలకం కొరకు కాదు, ఇంటికి తిరిగి వచ్చే మనిషి కొరకు. మనలో అప్పిచ్చినవారూ ఉన్నారు, తెచ్చినవారూ ఉన్నారు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర మోకరించుచున్నారు. అందరూ అన్ని బాకీలూ విడువగలరని నేననను. ఇచ్చినవానికీ పిల్లలున్నారు. కాని పంట పోయిన ఏటి వడ్డీని విడువవచ్చు. చావు జరిగిన ఇంట చెల్లు అడగకుండ ఉండవచ్చు. అన్న మాటను వెనుకకు తీసుకొనవచ్చు. వచ్చే ఆదివారం పరలోక ప్రార్థనలో ఆ మాట దగ్గరకు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీ బీరువాలో ఎవరి కాగితం ఉన్నదో, మీ మనస్సులో ఎవరి మాట ఉన్నదో తలచుకొనండి. ఆ తరువాత పలకండి.

ఆమేన్.